50 వేల బడ్జెట్‌లో బీటెక్‌కి ల్యాప్‌టాప్ ఎలా కొనాలి?

కౌన్సెలింగ్ మొదలైందంటే మా చుట్టాల ఫోన్లు కూడా మొదలవుతాయి. "మా వాడికి సీటొచ్చింది, ఏ ల్యాప్‌టాప్ కొనమంటావ్?" అని. ఎంతలో అని అడిగితే ఎక్కువమంది చెప్పే అంకె ఒకటే, 50 వేలు. అది మిర్చి అమ్మిన డబ్బు కావచ్చు, చీటీ ఎత్తిన డబ్బు కావచ్చు, అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న లోను కావచ్చు. దాని మీద ఇంకో ఐదు వేలు పెట్టమంటే పెట్టలేని ఇళ్లు అవి. తప్పు వస్తువు కొన్నారంటే నాలుగేళ్లూ దానితోనే నెట్టుకురావాలి.

మా బాబాయ్ కూతురు 2023లో ఈసీఈలో చేరింది. హాస్టల్‌కి బయల్దేరే ముందురోజు సాయంత్రం టౌన్‌లో ఒక షాపుకెళ్లి 43 వేలకు ల్యాప్‌టాప్ కొన్నారు. సన్నగా, వెండి రంగులో ముచ్చటగా ఉండేది. మొదటి రెండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. మూడో ఏడు చిప్పుల డిజైన్ నేర్పే వీఎల్ఎస్ఐ ల్యాబ్ మొదలయ్యాక ఒక రాత్రి ఫోన్ చేసింది. "అన్నయ్యా, సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే మౌస్ కూడా కదలట్లేదు. ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకోవచ్చంట కదా, ఎంతవుతుంది?" దసరా సెలవులకి వచ్చినప్పుడు అడుగు మూత విప్పి చూశాను. ర్యామ్ అంటే ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ. అది పెట్టే స్లాటే లేదు. నాలుగు నల్లటి చిప్పులు మదర్‌బోర్డుకే ఊడదీయలేకుండా సోల్డర్ చేసి (టంకం వేసి) ఉన్నాయి. "అంటే ఇంకేం చెయ్యలేమా అన్నయ్యా?" అంది. ఏమీ చెయ్యలేం. పక్కన నిలబడి చూస్తున్న బాబాయ్ ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది.

అప్పటినుంచి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే. తర్వాత మార్చుకోలేని వాటి మీదే ముందు డబ్బు పెట్టండి. లెక్కలన్నీ చేసే ప్రాసెసర్‌ని మార్చలేం. సోల్డర్ చేసిన ర్యామ్ మార్చలేం. స్క్రీన్, బాడీ మార్చాలంటే బాగా ఖర్చు. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ మాత్రం తర్వాత పెద్దది వేసుకోవచ్చు, స్లాట్ ఉంటే ర్యామ్ కలుపుకోవచ్చు, మౌసూ బ్యాగూ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. కింద చెప్పేదంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. ధరలు వారం వారం మారతాయి కాబట్టి ఫలానా మోడల్ కొనండి అని చెప్పను. ఏ మోడల్ ఎదురుగా పెట్టినా మీరే చూసి తేల్చుకునేలా చెబుతాను.

1. సీటు ఖాయమయ్యే దాకా ఆగండి

మొదటి విడతలో సివిల్ వచ్చిన అబ్బాయికి చివరి విడతలో సీఎస్ఈ రావచ్చు. ఆ తర్వాత కాలేజీలోనే బ్రాంచి మార్చుకునే స్లైడింగ్ కూడా ఉంటుంది. బ్రాంచి తేలకుండా కొంటే సగం గుడ్డిగా కొన్నట్టే. మొదటి సెమిస్టర్‌లో సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ దాదాపు అన్ని బ్రాంచీలకీ ఉంటుంది కానీ, దానికి కాలేజీ ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్లు సరిపోతాయి. ఒక నెల ల్యాప్‌టాప్ లేకపోతే చదువేం ఆగిపోదు. ఆగస్టు 15కి, దసరాకి ఆన్‌లైన్‌లోనూ షాపుల్లోనూ ఆఫర్లు పెడతారు, ఆ టైమ్ కూడా కలిసొస్తుంది.

ఈ నెలరోజుల్లో ఒక పని చేయండి. మీ కాలేజీలో మీ బ్రాంచిలోనే చదివే మూడో ఏడు సీనియర్‌ని పట్టుకోండి. మొదటి ఏడు వాళ్లని అడిగితే "సూపర్‌గా ఉంది బ్రో" అంటారు, ఎందుకంటే వాళ్ల మెషీన్‌కి ఇంకా పని పడలేదు. మూడో ఏడు వాళ్లని ఇలా అడగండి: "నీ ల్యాప్‌టాప్ ఏ సాఫ్ట్‌వేర్ దగ్గర ఇబ్బంది పెట్టింది?" ఆ జవాబు ఏ యూట్యూబ్ వీడియోలోనూ దొరకదు.

కొన్ని కాలేజీలు అడ్మిషన్ కాగితాలతో పాటు ల్యాప్‌టాప్ ఎలా ఉండాలో రాసి ఇస్తాయి. అది తప్పనిసరా, సలహానా అని ఆఫీసులో అడగండి. బ్యాంకులో విద్యారుణం తీసుకుంటున్నవాళ్లయితే, కోర్సుకి అవసరమైన కంప్యూటర్ ఖర్చుని కూడా లోనులో చూపించవచ్చు. దరఖాస్తు పెట్టేటప్పుడే మేనేజర్‌ని అడిగి కొటేషన్ ఇవ్వండి. లోను మంజూరయ్యాక గుర్తొస్తే కలపడం కష్టం.

2. 50 వేలనీ ల్యాప్‌టాప్ మీదే పెట్టేయకండి

45 వేలు మెషీన్‌కి, 5 వేలు పక్కన. ఆ 5 వేలలో ముందుగా ప్రమాద బీమా లాంటి యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ చూడండి. మామూలు వారంటీలో కింద పడితే, టీ ఒలికితే, స్క్రీన్ పగిలితే ఏమీ రాదు. హాస్టల్ గదిలో ఒకే మంచం మీద నలుగురు కూర్చుని చదువుకునే చోట పగిలే అవకాశమే ఎక్కువ. ఈ ప్లాన్‌ని కంపెనీ నుంచే తీసుకోండి. షాపువాళ్లు అమ్మే సొంత ప్లాన్ అయితే దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో కాగితం మీద చదివాకే డబ్బు కట్టండి. మిగిలినదాంట్లో ఒక మౌసు, హాస్టల్‌కి ఒక స్పైక్ గార్డు, ప్రాజెక్టు ఫైళ్లు దాచుకోవడానికి ఒక పెన్‌డ్రైవ్. బ్యాగు చాలావరకు ఫ్రీగానే ఇస్తారు.

3. మీ బ్రాంచికి ఏం కావాలో చూసుకోండి

సీఎస్ఈ, ఐటీ వాళ్లకి కోడ్ రాసుకోవడానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. సీ, పైథాన్, జావా ఏదైనా 8 జీబీలో నడుస్తాయి. బరువు పడేది ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో దగ్గర. కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ఎమ్యులేటర్‌తో కలిపి వాడాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలి. ఏఐ, మెషీన్ లెర్నింగ్ తీసుకున్నవాళ్లు గ్రాఫిక్స్ కార్డు లేకపోతే చదవలేమేమో అని టెన్షన్ పడుతుంటారు. కాలేజీ స్థాయి పనికి గూగుల్ కొలాబ్ చాలు. ఇంటర్నెట్ ఉంటే వాళ్ల సర్వర్ల మీదే, వాళ్ల గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీదే మీ ప్రోగ్రామ్ నడుస్తుంది. పరిమితులున్నా అది ఉచితం.

ఈసీఈ వాళ్లకి చిప్ డిజైన్‌కి వివాడో, లెక్కలకి మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్లు వస్తాయి. వివాడో ఇన్‌స్టాల్ చేస్తేనే పదుల జీబీలు తింటుంది, పైగా అది విండోస్‌లోనో లినక్స్‌లోనో తప్ప యాపిల్ మ్యాక్‌లో నడవదు. మెకానికల్ వాళ్ల సాలిడ్‌వర్క్స్, సివిల్ వాళ్ల రెవిట్, స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్ కూడా అంతే, విండోసే కావాలి. అందుకే ఈ మూడు బ్రాంచీల వాళ్లు పాత మ్యాక్‌బుక్ చవగ్గా వస్తోంది కదా అని దానివైపు వెళ్లొద్దు. ఆటోక్యాడ్‌ని ఆటోడెస్క్ విద్యార్థులకి ఉచితంగానే ఇస్తుంది, కాలేజీ ఆధారం చూపించి ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి. క్రాక్ చేసిన కాపీ ఎక్కించుకుని వైరస్ తెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

డిగ్రీలో బీకామ్, బీబీఏ చేరేవాళ్లకి 50 వేలు కూడా అక్కర్లేదు. ఎక్సెల్, ట్యాలీ నడవడానికి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు మెషీన్ చాలు. మిగిలిన డబ్బు ఇంట్లో ఇవ్వండి.

గేమింగ్ ల్యాప్‌టాప్ సంగతి కూడా చెప్పాలి. ఈ బడ్జెట్‌లో గేమింగ్ అని రాసి ఉన్న మెషీన్ దొరికిందంటే అందులో గ్రాఫిక్స్ కార్డు బాగా పాతదై ఉంటుంది, లేదా స్క్రీన్, బ్యాటరీ దగ్గర కోత పెట్టి ఉంటారు. బరువు రెండు కిలోలు దాటుతుంది. దానికి తోడు ఛార్జరే ఒక ఇటుకంత ఉంటుంది. రోజూ కాలేజీ బస్సులో నిలబడి వెళ్లేవాళ్లు ఆ బరువు నాలుగేళ్లు మోయాలి.

4. ప్రాసెసర్ పేరు పూర్తిగా చదవండి

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. షాపులో "ఐ5", "రైజెన్ 5" అని మాత్రమే చెబుతారు. అది ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరు ఉన్న అన్నదమ్ములందరూ ఒకేలా ఉండరు కదా. దాని వెనకున్న నంబరు చూడాలి.

ఏఎండీ కంపెనీ రైజెన్‌తో మొదలుపెడదాం. 7000 సిరీస్ మొబైల్ ప్రాసెసర్లలో మొదటి అంకె కేవలం ఏ ఏడాది సరుకో చెబుతుంది. అసలు లోపలి డిజైన్ ఎంత పాతదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యూ తీసుకోండి. మూడో అంకె 2, అంటే జెన్ 2 అనే పాత డిజైన్. అందులో కోర్లు, అంటే లోపల పని చేసే భాగాలు, 4. రైజెన్ 5 7530యూ తీసుకోండి. మూడో అంకె 3, అంటే జెన్ 3, కోర్లు 6. పేరులో తేడా ఒక్క అంకె. పెట్టె మీద స్టిక్కర్ రెండింటికీ ఒకటే. కానీ పని విషయంలో రెండింటికీ పొంతనే లేదు. ఇంకో సంగతి, 7520యూ ప్రాసెసర్ ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్‌తోనే పనిచేస్తుంది, ఆ రకం ర్యామ్ బోర్డుకి సోల్డర్ చేసే వస్తుంది. అంటే ఆ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ర్యామ్ తర్వాత పెంచుకోవడం కుదరదు. కొనేటప్పుడు ఎంత ఉందో చివరిదాకా అంతే.

ఇంటెల్‌లో మొదటి రెండు అంకెలు ఎన్నో తరమో చెబుతాయి, చివరి అక్షరం ఎంత శక్తి వాడుతుందో చెబుతుంది. ఐ5 12450హెచ్ అంటే 12వ తరం, హెచ్ అంటే గట్టి పనికి చేసినది. యూ అని ఉంటే తక్కువ కరెంటు వాడుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఐ3 1215యూలో కోర్లు 6, వాటిలో పెద్దవి 2, చిన్నవి 4. ఐ5 1235యూలో పెద్దవి 2, చిన్నవి 8. ఐ5 12450హెచ్‌లో పెద్దవే 4, చిన్నవి 4. "10 కోర్లున్నాయి సార్, ఇదే ఎక్కువ" అని షాపులో చెబితే, వాటిలో పెద్దవి ఎన్ని అని అడగండి. బరువైన సాఫ్ట్‌వేర్ నడిచేది ముఖ్యంగా పెద్ద కోర్ల మీదే. 2023 చివరి నుంచి ఇంటెల్ పేర్లలో ఆ "ఐ" అక్షరాన్ని తీసేస్తూ వచ్చింది. కోర్ 5 120యూ, కోర్ 5 210హెచ్ లాంటి పేర్లు కనిపిస్తే కంగారు పడకండి, అవి కొత్త పేర్లతో వచ్చిన 13వ తరం లాంటి ప్రాసెసర్లే.

సెలెరాన్, అథ్లాన్, పెంటియం, ఎన్100 అని ఉన్నవి బీటెక్‌కి వద్దు. ఎంత తక్కువకి వచ్చినా వద్దు. ఐ3 1215యూ కన్నా దిగువకి వెళ్లకండి. 45 వేలలో వీలైతే ఐ5 హెచ్ రకం గానీ, 7530యూ గానీ, వాటికి సాటి వచ్చేవి గానీ చూడండి.

5. ర్యామ్ ఎంత ఉందో కాదు, పెంచుకోవచ్చా లేదా అడగండి

విండోస్ 11 ఆన్ చేసి ఊరికే కూర్చుంటేనే 3, 4 జీబీ ర్యామ్ వాడేసుకుంటుంది. క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే మిగిలిన దాంట్లో సగం పోతుంది. కాబట్టి 4 జీబీ గురించి మాట్లాడుకోనక్కర్లేదు. 8 జీబీతో మొదలుపెట్టొచ్చు, కానీ అక్కడితో ఆగిపోయే మెషీన్ కొనొద్దు.

షాపులో డెమో మెషీన్ ఆన్‌లో ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. కుడివైపు కింద చిన్న అక్షరాల్లో "స్లాట్స్ యూజ్డ్" అని ఒక లైను ఉంటుంది. అక్కడ రెండింటిలో ఒకటి అని చూపిస్తే ఇంకో స్లాట్ ఖాళీగా ఉన్నట్టు. దాని కిందే "ఫార్మ్ ఫ్యాక్టర్" అని ఉంటుంది. ఎస్ఓడిమ్ అని ఉంటే తీసి పెట్టుకునే ర్యామ్. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే సోల్డర్ చేసిన ర్యామ్. మొన్న మా అక్క కొడుకుని సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరున్న కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీకి తీసుకెళ్లినప్పుడు ఇదే చేశాను. పక్కపక్కనే రెండు ల్యాప్‌టాప్‌లు, రెండింటి ధరా దాదాపు ఒకటే, రెండింటి మీదా 8 జీబీ స్టిక్కరే. ఒకదాంట్లో స్లాట్ ఖాళీగా ఉంది. ఇంకోదాంట్లో రో ఆఫ్ చిప్స్. "మామా, ఈ లైను నాకెవరూ చెప్పలేదు" అన్నాడు వాడు. షాపు కుర్రాడికి కూడా తెలియదు, పాపం. ఆ కుర్రాడు కూడా ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

కొన్ని మోడళ్లలో 8 జీబీ సోల్డర్ చేసి, పక్కన ఒక స్లాట్ ఖాళీగా ఉంచుతారు. అవి కూడా మంచివే.

ఒక సంవత్సరం కిందటి దాకా నేను "ముందు 8 జీబీ కొనుక్కో, రెండో ఏడు ఇంకో 8 వేసుకో, చవక" అని చెప్పేవాణ్ని. 2025 చివరి నుంచి ఆ మాట అంత ధీమాగా చెప్పలేకపోతున్నాను. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులు పోతుండటంతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకని కొనేరోజే లెక్క వేసుకోండి. అదే మోడల్‌లో 16 జీబీ వెర్షన్ ఎంత ఎక్కువో చూడండి, విడిగా 8 జీబీ ర్యామ్ షాపులో ఎంతుందో అడగండి. మొదటిది తక్కువైతే ఇప్పుడే 16 తీసుకోండి. కానీ 16 జీబీ కోసం ప్రాసెసర్‌ని దిగజార్చుకోవద్దు. బలహీనమైన ప్రాసెసర్, 16 జీబీ ఒకవైపు, మంచి ప్రాసెసర్, 8 జీబీ, ఖాళీ స్లాట్ ఇంకోవైపు ఉంటే రెండోదే తీసుకోండి. ర్యామ్ వేయించేటప్పుడు మూత విప్పితే వారంటీ పోతుందా అని కంపెనీ సర్వీస్ సెంటర్‌ని ముందే అడగండి.

6. స్టోరేజ్

512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. ఆన్ చేశాక 476 జీబీ అనే చూపిస్తుంది, కంపెనీ లెక్కపెట్టే పద్ధతికీ విండోస్ లెక్కపెట్టే పద్ధతికీ తేడా అది, ఎవరూ కొట్టేయలేదు. పాత హార్డ్ డిస్క్ ఉన్నదైతే ఒక టీబీ అని ఆశ చూపించినా తీసుకోవద్దు.

7. చేత్తో పట్టుకుని చూడాల్సినవి

ఆన్‌లైన్‌లో కొనాలనుకున్నా సరే, ఒకసారి షాపుకెళ్లి అదే మోడల్‌ని చేత్తో పట్టుకోండి.

స్క్రీన్ ముందు. 1920 బై 1080 ఉండాలి, ఏ వైపు నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ రకం అయి ఉండాలి. ఐపీఎస్ అవునో కాదో తేల్చుకోవడానికి ఒక ఫొటో తెరిచి స్క్రీన్‌ని వెనక్కి వాల్చి, కిందనుంచి పైకి చూడండి. రంగులు తిరగబడి ముఖాలు నల్లగా కనిపిస్తే అది టీఎన్ ప్యానెల్. వెలుతురు 250 నిట్స్ ఈ ధరలో మామూలు. 300 దొరికితే పగటిపూట కిటికీ పక్కన కూర్చుని చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు కాస్త వెలిసిపోయినట్టుంటాయి, కోడ్ రాసుకునేవాళ్లకి పర్వాలేదు.

తర్వాత హింజ్, అంటే స్క్రీన్ మడత పడే చోట ఉండే కీలు. దీన్ని ఎవరూ చూడరు. నా సొంత ల్యాప్‌టాప్ పోయింది దీనివల్లే. ప్లాస్టిక్ బాడీలో చిన్న ఇత్తడి గుళికలు బిగించి, వాటిలో మరలు వేసి కీలుని నిలబెడతారు. కీలు బిగుసుకుపోయినకొద్దీ ప్రతిసారీ తెరిచినప్పుడల్లా ఆ గుళికల మీద బలం పడుతుంది. ఒకరోజు టక్‌మని ప్లాస్టిక్ చీలి, మూల పైకి లేచింది. వారంటీ అయిపోయి నాలుగు నెలలైంది. అందుకని షాపులో మూతని మధ్యలో ఒక్క వేలితో ఎత్తి చూడండి. కింది భాగం కూడా పైకి లేస్తే కీలు చాలా బిగుతుగా ఉన్నట్టు. కిర్రుమని చప్పుడు వస్తే వద్దు. ఇంటికి తెచ్చుకున్నాక కూడా ఒక మూల పట్టుకుని తెరవకండి, మధ్యలో పట్టుకోండి.

కీబోర్డు మధ్యలో వేలితో నొక్కండి, దిగబడితే లోపల బలం లేదు. రెండు వాక్యాలు టైప్ చేయండి. రాత్రి దీపాలార్పేశాక హాస్టల్లో చదువుకునేవాళ్లకి మీటల కింద వెలిగే లైటు పనికొస్తుంది, కానీ దానికోసం ప్రాసెసర్‌ని వదులుకోకండి.

బ్యాటరీని గంటల్లో చెబితే నమ్మకండి, ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే వాట్ అవర్స్ అడగండి. మామూలు పనికి ల్యాప్‌టాప్ 8 నుంచి 10 వాట్లు లాగుతుందనుకుంటే, 42 వాట్ అవర్స్ బ్యాటరీ నాలుగైదు గంటలొస్తుంది. 50 పైన ఉంటే మేలు. టైప్-సీతో ఛార్జయ్యేది దొరికితే ఛార్జర్ పాడైనా పక్కవాళ్లది వాడుకోవచ్చు.

8. సెకండ్ హ్యాండ్ కొంటే తప్పేమీ లేదు, కానీ

30 వేలే ఉన్నవాళ్లకి నేను కొత్తది చెప్పను. ఆ ధరలో కొత్తవి బలహీనంగా ఉంటాయి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన బిజినెస్ మోడళ్లు, థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి, బాడీ గట్టిగా ఉంటాయి, విడిభాగాలు దొరుకుతాయి. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ 8వ తరం నుంచీ పైవే కావాలి. 6, 7వ తరాల మెషీన్లు ఇప్పుడు చవగ్గా కుప్పలుగా కనిపించడానికి ఇది కూడా ఒక కారణం. ఎంత మెరుస్తున్నా వాటి జోలికి పోవద్దు. వీలైతే 10, 11వ తరాలు చూడండి.

షాపువాళ్లని రెండు పనులు మీ ఎదురుగా చేయమనండి. ఒకటి, విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయడం. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో 70 శాతం కన్నా తక్కువుంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించమని అడగండి. రెండు, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో, ఎంత ఆరోగ్యంగా ఉందో చూడటం. ఈ రెండింటికీ ఒప్పుకోని షాపు నుంచి బయటికొచ్చేయండి.

9. కొనే రోజు

ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తా" అంటారు, ఒప్పుకోవద్దు. రేపు వారంటీ కోసం వెళితే మీ చేతిలో ఉండాల్సింది ఆ బిల్లే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. అది పెట్టె మీద, ల్యాప్‌టాప్ అడుగున, బిల్లు మీద మూడుచోట్లా ఒకటే ఉండాలి. అక్కడే ఫోన్‌లో కంపెనీ వెబ్‌సైట్ తెరిచి ఆ నంబరు కొట్టండి, వారంటీ ఎప్పుడు మొదలైందో చూపిస్తుంది. మూడు నెలల కిందటే మొదలైనట్టుంటే బిల్లు తేదీ ప్రకారం సరిచేయించమనండి, లేదా ఇంకో పెట్టె తీయమనండి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే అసలేమీ ఎక్కువ కట్టనక్కర్లేదని కాదు. వడ్డీ మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా తగ్గించి చూపిస్తారు, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. వడ్డీ 3 వేలైతే 540 రూపాయలు. దానికి ప్రాసెసింగ్ ఫీజు కలపండి. అది తెలిసి కట్టుకుంటే ఇబ్బంది లేదు.

విండోస్ లేకుండా డాస్ అని అమ్మేవి చవగ్గా ఉంటాయి. లినక్స్ వాడతానంటే తీసుకోండి, లేకపోతే విండోస్ ఉన్నదే తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, మొదటిసారి ఆన్ చేసి లాగిన్ అయ్యేటప్పుడు మీ సొంత మెయిల్ ఐడీ వాడండి. "తొందరగా అయిపోతుంది సార్" అంటూ షాపు కుర్రాడు తన ఐడీతో చేసేస్తుంటాడు. ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మొదట ఏ ఖాతాతో యాక్టివేట్ చేస్తే ఆ ఖాతాకే అంటుకుపోతుంది. పైగా ఈమధ్య విండోస్ 11 డిస్క్‌ని తనంతట తానే లాక్ చేసుకుంటోంది, దాని రికవరీ కీ కూడా ఆ ఖాతాలోకే వెళుతుంది. రేపు మెషీన్ ఆ కీ అడిగితే షాపు కుర్రాడి కోసం వెతుక్కోవాలి. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లండి.

10. మొదటి వారం

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పుతుండగా, ముక్క కట్ చేయకుండా వీడియో తీయండి. వెనక్కి ఇవ్వడానికీ, మార్చుకోవడానికీ చాలాచోట్ల వారం పదిరోజులే గడువు, దాన్ని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లోనే మెషీన్‌ని బాగా కష్టపెట్టండి. స్క్రీన్ మొత్తం తెల్లగా, తర్వాత నల్లగా పెట్టి చుక్కలున్నాయేమో చూడండి. ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, ప్రతి మీటా నొక్కండి, కెమెరా, మైకు పెట్టి ఇంట్లోవాళ్లకి వీడియో కాల్ చేయండి. మీ బ్రాంచి సీనియర్ చెప్పిన ఆ బరువైన సాఫ్ట్‌వేర్‌ని ఎక్కించి ఒక గంట నడపండి. వేడి ఎక్కి అరచేయి పెట్టలేకపోతున్నా, దానంతట అదే ఆగిపోయినా గడువు లోపలే తిరిగి ఇచ్చేయండి. హాస్టల్లో మంచం మీద, పరుపు మీద పెట్టి వాడకండి, అడుగున గాలి పీల్చుకునే కన్నాలు మూసుకుపోతాయి. ఒక అట్ట పెట్టుకున్నా చాలు. బిల్లు ఫొటో తీసి మీ మెయిల్‌కీ, నాన్న ఫోన్‌కీ పంపించి, అసలు కాగితం ఇంట్లో బీరువాలో పెట్టించండి.